ముప్పై రెండు కోర్లు, ఒక్క లైసెన్సు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు, పాత పోస్టాఫీసు దగ్గరున్న మా కార్యాలయంలో కిటికీ అద్దాలతో పాటు సర్వర్ కూడా పోయింది. ఓడరేవులో సరుకు క్లియరింగ్, ఫార్వర్డింగ్ చేసే సంస్థ మాది. ఎగుమతికి షిప్పింగ్ బిల్లులూ దిగుమతికి బిల్ ఆఫ్ ఎంట్రీలూ కస్టమ్స్ వారికి ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయాలి కనుక సర్వర్ లేకుండా మాకు పూట గడవదు. కరెంటు నిలకడగా రావడం మొదలైన వెంటనే హడావుడిగా కొత్త యంత్రం కొన్నాం. ప్రాసెసర్లు రెండు, ఒక్కోదానిలో ఆరేసి కోర్లు, అంటే విడివిడిగా లెక్కలు చేసే భాగాలు. వాటిపై మైక్రోసాఫ్ట్ వారి సర్వర్ ఆపరేటింగ్ సిస్టం, విండోస్ సర్వర్ 2012 ఆర్2 స్టాండర్డ్. అమర్చడానికి వచ్చిన ఇంజనీరు వెళ్తూ వెళ్తూ, "ఒక లైసెన్సు రెండు ప్రాసెసర్లకు సరిపోతుంది సార్, ఇక దాని గురించి మీరు ఆలోచించక్కర్లేదు" అన్నాడు. అతను చెప్పింది ఆ రోజుకు అక్షరాలా నిజం. తొమ్మిదేళ్లపాటు నేను దాని గురించి నిజంగానే ఆలోచించలేదు, తర్వాత పొరపాటు జరిగింది కూడా అందువల్లే.

2012 ఆర్2కు భద్రతా సవరణలు 2023 అక్టోబరు 10తో ఆగిపోయాయి. డబ్బు కట్టి మరి మూడేళ్లు పొడిగించుకునే వీలుండేది కానీ, ఉప్పుగాలికి తుప్పు పట్టిన ఆ పెట్టె మీద ఇంకా ఖర్చు పెట్టడానికి మా పెద్దాయన, అంటే సంస్థ పాత భాగస్వామి, ఒప్పుకోలేదు. "ఏమయ్యా, కొత్తదే తీసుకో, మళ్లీ పదేళ్లు మనకు ఆ మాట రాకూడదు" అన్నారు. 2024 ఫిబ్రవరిలో ముగ్గురు డీలర్ల దగ్గర కొటేషన్లు తీసుకున్నాను.

మూడింటిలోనూ యంత్రం దాదాపు ఒకటే. పదహారేసి కోర్ల ప్రాసెసర్లు రెండు, 128 జీబీ మెమరీ, విండోస్ సర్వర్ 2022 స్టాండర్డ్. ఒక డీలరు మాత్రం లైసెన్సు వరుసలో "16 కోర్లు, సంఖ్య 2" అని రాశాడు, మిగిలిన ఇద్దరూ "సంఖ్య 1" అని రాశారు. ఆ ఒక్క అంకె తేడా, 18 శాతం జీఎస్టీతో కలిపి, లక్ష రూపాయలకు కాస్త అటూఇటూగా పలికింది. ఒక లైసెన్సు రెండు ప్రాసెసర్లకు సరిపోతుందన్నది నా నమ్మకం కనుక, "రెండు" అని రాసినవాడు అమాయకులను చూసి అంటగడుతున్నాడని తీర్మానించుకుని, మర్యాదగానే అయినా కాస్త వెటకారంగా ఫోన్ చేసి అడిగాను. అతను నొచ్చుకోకుండా ఒకే ఒక్క ప్రశ్న వేశాడు: "మీరు తీసుకునే మెషీన్‌లో మొత్తం కోర్లు ఎన్నండీ?" ముప్పై రెండు అన్నాను. "మరి ఒక లైసెన్సు పదహారుకే కదండీ."

ఫోన్ పెట్టేశాక ఆ రాత్రి కూర్చుని మైక్రోసాఫ్ట్ వారి ఉత్పత్తి నిబంధనల పత్రం చదివాను. ఆ చదువు ఒక్క రాత్రితో కాలేదు, దాదాపు పది రోజులు పట్టింది. అసలు విషయం మాత్రం మొదటి గంటలోనే తేలిపోయింది. విండోస్ సర్వర్ 2016తో లెక్క మారింది. అంతకుముందు ప్రాసెసర్లను లెక్కపెట్టేవారు, అప్పటి నుంచి వాటిలోని కోర్లను లెక్కపెడుతున్నారు. యంత్రంలో ఉన్న భౌతికమైన కోర్లన్నిటికీ లైసెన్సు ఉండాలి. ఒక్కో ప్రాసెసర్‌కు కనీసం ఎనిమిది, ఒక్కో సర్వర్‌కు కనీసం పదహారు కోర్ల లైసెన్సు కొని తీరాలి. ఇవి రెండేసి కోర్ల పొట్లాలుగానూ, పదహారు కోర్ల పొట్లాలుగానూ దొరుకుతాయి. అందువల్ల ఇరవై కోర్ల ప్రాసెసర్ ఒకటి ఉన్నవారు ఒక పెద్ద పొట్లం, రెండు చిన్న పొట్లాలు కొనాలి. ఎనిమిది కోర్ల ప్రాసెసర్ ఒక్కటే ఉన్నవారు సగం వాడకపోయినా పదహారుకూ కట్టాలి. మా హుద్‌హుద్ నాటి యంత్రం ఆరూ ఆరూ పన్నెండు కోర్లదే అయినా, ఈ కొత్త లెక్కలో దానికీ పదహారే పడుతుంది.

ఈ మార్పుకు కారణం ఊహించడం కష్టం కాదు. ప్రాసెసర్‌కు నాలుగో ఆరో కోర్లున్న రోజుల్లో ప్రాసెసర్‌ను కొలతగా పెట్టుకుంటే సరిపోయింది. ఒకే చిప్పులో పదహారు, పద్దెనిమిది కోర్లు ఇమిడ్చిన యంత్రాలు వచ్చాక, నాలుగు పాత సర్వర్ల పనిని ఒక్క పెట్టెలో పెట్టి ఒక్క లైసెన్సుతో నెట్టుకురావడం అందరికీ సాధ్యమైంది. అమ్మేవాడు ఊరుకుంటాడా? కొలమానాన్ని మార్చేశాడు. న్యాయమా అన్యాయమా అన్న చర్చ వేరే సంగతి, బేరం ఆడే స్థాయి మాకు లేదు.

కోర్లను లెక్కపెట్టడంలో నాకు ఇంకో పొరపాటు ఎదురైంది. పాత యంత్రంలో టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో చూస్తే, సాకెట్లు (ప్రాసెసర్ కూర్చునే గూళ్లు) 2, కోర్లు 12, లాజికల్ ప్రాసెసర్లు 24 అని మూడు అంకెలు కనిపించాయి. హైపర్ థ్రెడింగ్ వల్ల ఒక్కో కోరు రెండుగా కనబడుతుంది కానీ, లైసెన్సుకు ఆ ఇరవై నాలుగుతో సంబంధం లేదు, మధ్యలో ఉన్న పన్నెండే లెక్క. ఇది తెలియక ఇరవై నాలుగుకు కట్టినవారు నాకు తెలిసి ఇద్దరున్నారు. ఆ సంగతి వారికి నేనింతవరకూ చెప్పలేదు.

అసలు చిక్కు వర్చువల్ మెషీన్ల దగ్గర, అంటే ఒకే యంత్రం లోపల విడివిడి కంప్యూటర్లలా నడిచేవాటి దగ్గర వచ్చింది. మా పాత సర్వర్లో రెండే ఉండేవి. కొత్తదానిలో నాలుగు పెట్టాలని నా ఉద్దేశం: అందరి లాగిన్లూ చూసుకునే డొమైన్ కంట్రోలర్, ఫైళ్ల సర్వర్, లెక్కల విభాగం దూరం నుంచి పనిచేసుకునే టెర్మినల్ సర్వర్, కస్టమ్స్ దాఖళ్ల డేటాబేసు. స్టాండర్డ్ ఎడిషన్‌లో యంత్రంలోని కోర్లన్నిటికీ ఒకసారి లైసెన్సు కొంటే రెండు విండోస్ వర్చువల్ మెషీన్లకు హక్కు వస్తుంది. మూడోది, నాలుగోది కావాలంటే ఆ కోర్లన్నిటికీ మళ్లీ మొదటి నుంచి ఇంకోసారి కొనాలి. అంటే ముప్పై రెండు కోర్ల యంత్రంలో నాలుగు మెషీన్లు నడపాలంటే అరవై నాలుగు కోర్ల లైసెన్సు, అనగా నాలుగు పెద్ద పొట్లాలు. "సంఖ్య 1" అని రాసిన కొటేషన్లలో ఉన్నది మాకు కావలసిన దానిలో పావు వంతు. "సంఖ్య 2" అని రాసిన ఆ నిజాయితీపరుడి కొటేషన్ కూడా సగమే, ఎందుకంటే ఎన్ని మెషీన్లు పెడతామో నేను అతనికి చెప్పనేలేదు.

అప్పుడు డేటాసెంటర్ ఎడిషన్ గురించి చూశాను. అందులో కోర్లన్నిటికీ ఒకసారి కడితే ఎన్ని వర్చువల్ మెషీన్లైనా పెట్టుకోవచ్చు. 2022 వెర్షన్‌కు పదహారు కోర్లకు అప్పట్లో ప్రకటించిన ధర స్టాండర్డ్‌కు 1,069 డాలర్లు, డేటాసెంటర్‌కు 6,155 డాలర్లు. ఆరు రెట్లకు కాస్త తక్కువ. ఒక్కో స్టాండర్డ్ విడతకూ రెండు మెషీన్లు వస్తాయి కనుక, పది దాటి పన్నెండుకు చేరేవారికి తప్ప డేటాసెంటర్ గిట్టుబాటు కాదు. నాలుగింటికి దాని జోలికి వెళ్లనక్కర్లేదు. స్టాండర్డ్ అంటే వేగం తక్కువదనీ, పెద్ద ప్రాసెసర్లను పట్టుకోలేదనీ మా వాళ్లలో ఒక అపోహ ఉండేది. అది 2008 ఆర్2 నాటి మాట. ఆ రోజుల్లో స్టాండర్డ్‌కు నాలుగు సాకెట్లు, 32 జీబీ మెమరీ వరకే అనుమతి ఉండేది, అంతకు మించితే ఎంటర్‌ప్రైజ్ కొనాల్సి వచ్చేది. 2012 నుంచి స్టాండర్డ్, డేటాసెంటర్ రెండింటికీ ఆ హద్దులు ఒకటే.

ఈ పది రోజుల చదువులో నాకు బాగా తట్టిన విషయం ఒకటుంది. హద్దులు రెండు రకాలు. కొన్నింటిని యంత్రమే అమలు చేస్తుంది, దాటబోతే ఆపేస్తుంది. కొన్ని కాగితం మీద మాత్రమే ఉంటాయి, దాటినా యంత్రం పల్లెత్తు మాట అనదు. కోర్ల లెక్క రెండో రకం. ముప్పై రెండు కోర్ల యంత్రంలో పదహారు కోర్ల లైసెన్సు తాళంచెవి, అంటే ప్రోడక్ట్ కీ, వేసినా విండోస్ సర్వర్ చక్కగా యాక్టివేట్ అవుతుంది, ముప్పై రెండు కోర్లనూ వాడుకుంటుంది, నాలుగు కాకపోతే ఎనిమిది మెషీన్లను నడుపుతుంది. తెర మీద ఎక్కడా ఎర్ర గీత కనబడదు. అందుకే "యాక్టివేట్ అయింది కదా" అన్న మాటను నేను ఇప్పుడు జవాబుగా తీసుకోవడం లేదు. మా ఆడిటర్ గారి అబ్బాయి ఆన్‌లైన్లో రెండు వేల రూపాయలకు దొరికే తాళంచెవి సంగతి చెప్పినప్పుడూ ఇదే అనుకున్నాను. అదీ యాక్టివేట్ అవుతుంది, కానీ రేపు లైసెన్సు తనిఖీకి కంపెనీ నుంచి లేఖ వస్తే చూపించడానికి మన దగ్గర ఒక అంకెల వరుస తప్ప ఇన్వాయిస్ ఉండదు.

ఇంత తెలిశాక మొదటి కొటేషన్లన్నీ పక్కన పెట్టి, తలకిందులుగా లెక్క వేశాను. ముందు ఎన్ని విండోస్ మెషీన్లు కావాలో, వాటికి ఎన్ని కోర్లు నిజంగా పనికొస్తాయో చూశాను, ఆ తర్వాతే ప్రాసెసర్‌ను ఎంచుకున్నాను. పాత సర్వర్లో మూడు నెలల వాడకం పరిశీలిస్తే పన్నెండు కోర్లలో సగం కూడా ఎప్పుడూ నిండలేదు, నౌక వచ్చిన రోజు మధ్యాహ్నం తప్ప. అందువల్ల పదహారేసి కోర్ల ప్రాసెసర్లు రెండు వద్దని, ఒకటే పెట్టించుకున్నాం. రెండో సాకెట్ ఖాళీగా ఉంది, కావాలంటే తర్వాత నింపవచ్చు. నింపిన నాడు లైసెన్సు లెక్క మళ్లీ రెట్టింపవుతుందన్న సంగతి మాత్రం గుర్తుండాలి. ఫైళ్ల సర్వర్‌ను డెబియన్ లినక్స్ మీద, ఫైళ్లు పంచే సాంబా అనే సాఫ్ట్‌వేర్‌తో కట్టాం కనుక దానికి విండోస్ హక్కు అవసరం లేకపోయింది. మిగిలినవి మూడు. మూడింటికి రెండు విడతలు, అంటే ముప్పై రెండు కోర్ల లైసెన్సు. నాలుగో హక్కు మిగులు, దాన్ని ప్రయోగాలకు వాడుతున్నాను. "సంఖ్య 2" అని రాసిన ఆ డీలరు దగ్గరే కొన్నాం. చివరికి అతను రాసిన సంఖ్యే నిలిచింది, కారణం మాత్రం వేరు.

వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్‌ను హైపర్‌వైజర్ అంటారు. యంత్రం మీద నేరుగా మైక్రోసాఫ్ట్ వారి హైపర్-వి పెట్టకుండా, లినక్స్ మీద నడిచే ప్రాక్స్‌మాక్స్ పెట్టాం. 2024 ఫిబ్రవరిలో వీఎంవేర్ వారి ఉచిత హైపర్‌వైజర్ ఈఎస్ఎక్స్ఐ ఆగిపోవడంతో మా ముందున్న దారులు అంతకంతకూ తగ్గాయి. ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది: కింద ఉన్నది లినక్స్ కదా, విండోస్ మెషీన్‌కు నాలుగు కోర్లే ఇచ్చాం కదా, ఆ నాలుగుకే కడితే చాలదా అని. మేము కొన్న పద్ధతిలో చాలదు. కింద ఏ హైపర్‌వైజర్ ఉన్నా, పై మెషీన్‌కు ఎన్ని కోర్లు ఇచ్చినా, లెక్క భౌతిక యంత్రంలోని కోర్లన్నిటికీ. వర్చువల్ మెషీన్ కోర్లకు మాత్రమే కట్టే పద్ధతి 2022 అక్టోబరులో వచ్చింది కానీ, అది చందా లేదా సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ అనే అదనపు ఒప్పందం ఉన్నవారికే, అందులోనూ ఒక్కో మెషీన్‌కు కనీసం ఎనిమిది కోర్లు కొనాలి.

పెద్దాయనకు హుద్‌హుద్ భయం ఇంకా పోలేదు. మధురవాడలో ఉన్న మా గోదాము ఆఫీసులో ఇంకో సర్వర్ పెట్టి, ఇక్కడిది పోతే అక్కడ వెంటనే నడిచేలా చేయమన్నారు. అడిగింది సబబే. అయితే వర్చువల్ మెషీన్ ఏ యంత్రం మీద నడుస్తుందో ఆ యంత్రానికి పూర్తి లైసెన్సు ఉండాలి, ఒక యంత్రం లైసెన్సును ఇంకో యంత్రానికి మార్చాలంటే తొంభై రోజులు ఆగాలి. మొదటి యంత్రం మళ్లీ బాగుపడని విధంగా పాడైనప్పుడు మాత్రం ఆ గడువు అడ్డు రాదు. యంత్రంతో పాటు వచ్చే ఓఈఎం లైసెన్సుకు ఆ వెసులుబాటు కూడా ఉండదు. మా 2012 ఆర్2 అలాంటిదే, పెట్టె మీది స్టిక్కర్‌తో పాటే దాని కథ ముగిసింది. అందుకే ఈసారి ఓఈఎం కొనలేదు. మధురవాడలో లినక్స్ యంత్రం ఒకటి పెట్టి రోజూ రాత్రి బ్యాకప్ మాత్రం పంపిస్తున్నాం. ఇక్కడి యంత్రం నిజంగా పోయిన నాడే లైసెన్సు అక్కడికి వెళ్తుంది.

క్లయింట్ యాక్సెస్ లైసెన్సులు, అందరూ కాల్స్ అంటారు, వాటి గురించి ఏ కొటేషన్లోనూ ఒక్క ముక్క లేదు. సర్వర్ లైసెన్సు సర్వర్‌ను నడపడానికే, దాన్ని వాడుకునే ప్రతి మనిషికో ప్రతి కంప్యూటర్‌కో ఇంకో లైసెన్సు విడిగా ఉండాలి. పాత 2012 కాల్స్ 2022 సర్వర్‌కు చెల్లవు. మేము ముప్పై ఎనిమిది మందిమి. ఇరవై ముగ్గురికి సొంత కంప్యూటర్లున్నాయి, వాళ్లలో కొందరు ఇంటి నుంచీ లాప్‌టాప్‌తో సర్వర్లోకి వస్తారు. మిగిలిన పదిహేను మంది డాక్యుమెంటేషన్ గదిలో రెండు షిఫ్టుల్లో ఎనిమిది కంప్యూటర్ల మీద పనిచేస్తారు. అందరికీ మనిషి లెక్కన కొంటే ముప్పై ఎనిమిది పడతాయి. ఇరవై ముగ్గురికి యూజర్ కాల్స్, షిఫ్టు గదిలోని ఎనిమిది పెట్టెలకు డివైస్ కాల్స్ తీసుకుంటే ముప్పై ఒకటితో సరిపోయింది. రెండు రకాలూ కలిపి వాడుకోవడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. ఇరవై ఐదు మంది లోపు ఉన్న సంస్థ అయితే ఎసెన్షియల్స్ ఎడిషన్ కొనుక్కుని ఈ కాల్స్ బాధే లేకుండా ఉండేది, మాకు ఆ అదృష్టం లేదు.

కాగితం హద్దులను ఇంత జాగ్రత్తగా పాటించినవాడిని, యంత్రం అమలు చేసే హద్దుల దగ్గర రెండుసార్లు దెబ్బ తిన్నాను.

మొదటిది డేటాబేసు. మా కస్టమ్స్ సాఫ్ట్‌వేర్ వాడేది ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్. అది ఉచితం, అందుకు తగ్గట్టు హద్దులున్నాయి: 2022 వెర్షన్ వరకు ఒక్కో డేటాబేసు 10 జీబీ దాటకూడదు, ఒక సాకెట్ లేదా నాలుగు కోర్లు, రెండింటిలో ఏది తక్కువైతే అంతవరకే వాడుకుంటుంది. ప్రాక్స్‌మాక్స్‌లో మెషీన్‌కు ప్రాసెసర్ ఇచ్చేటప్పుడు సాకెట్లు ఎన్ని, సాకెట్‌కు కోర్లు ఎన్ని అని విడివిడిగా అడుగుతుంది. మా కుర్రాడు నాలుగు సాకెట్లు, ఒక్కో సాకెట్‌కు ఒక్కో కోరు అని పెట్టాడు. మొత్తం నాలుగే కదా అని నేనూ తలూపాను. కొత్త యంత్రం మీద పాతదానికన్నా నెమ్మదిగా నివేదికలు వస్తుంటే వారం రోజులు నెట్‌వర్క్ కేబుళ్లను తిట్టుకున్నాం. చివరికి టాస్క్ మేనేజర్లో నాలుగు కోర్ల గీతలనూ విడిగా పెట్టి చూస్తే ఒకటి నూరు శాతం మండిపోతోంది, మూడు నిద్రపోతున్నాయి. ఎక్స్‌ప్రెస్‌కు ఒక్క సాకెట్టే అనుమతి, ఆ సాకెట్లో ఉన్నది ఒక్క కోరే. మెషీన్‌ను ఆపి, ఒక సాకెట్, నాలుగు కోర్లుగా మార్చి మళ్లీ నడిపించడానికి పట్టింది ఐదు నిమిషాలు. విండోస్ 10 ప్రో, 11 ప్రో కూడా రెండు సాకెట్ల వరకే చూస్తాయి కనుక, వర్చువల్ మెషీన్లలో వాటిని నడిపేవారు ఈ రెండు గడులనూ ఒకసారి చూసుకోవడం మంచిది.

రెండోది టెర్మినల్ సర్వర్. నిర్వహణ కోసమైతే ఇద్దరి వరకు రిమోట్ డెస్క్‌టాప్‌లోకి ఉచితంగా రావచ్చు. లెక్కల విభాగంలోని పన్నెండు మంది రోజూ పనిచేసుకోవాలంటే మామూలు కాల్స్ పైన ఆర్‌డీఎస్ (రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్) కాల్స్ కూడా ఉండాలి. కొన్నాం, లైసెన్సు సర్వర్లో ఎక్కించాం కూడా. అవి యూజర్ కాల్స్, కానీ టెర్మినల్ సర్వర్లో లైసెన్సు విధానం "పర్ డివైస్" అని ఉండిపోయింది. దీన్ని 120 రోజుల పాటు యంత్రం పట్టించుకోదు, ఎందుకంటే అది కొత్తగా పెట్టినవారికి ఇచ్చే గడువు. మే మొదటి వారంలో పెట్టాం. సెప్టెంబరులో, వినాయక చవితికి నాలుగు రోజుల ముందు పొద్దున పది గంటలకు, పన్నెండు మందిలో ఒక్కరూ లోపలికి వెళ్లలేకపోయారు. నెలాఖరు బిల్లులు ముగించి పండక్కి ఊరెళ్లాల్సినవాళ్లు నా గది గుమ్మంలో వరుసగా నిలబడ్డారు. నేను మొదట వైరస్ అనుకున్నాను, తర్వాత కాల్స్ నకిలీవేమోనని పాపం ఆ మంచి డీలరునే మళ్లీ అనుమానించాను. సంగతి తెలుసుకోవడానికి రెండు గంటలు పట్టింది. విండోస్ సెట్టింగులుండే గ్రూప్ పాలసీలో "పర్ యూజర్" అని మార్చాక అందరూ లోపలికి వెళ్లారు.

ఇప్పుడు సర్వర్ గది బీరువా తలుపు లోపలివైపు ఒక కాగితం అతికించి ఉంది: యంత్రం పేరు, సాకెట్లు, భౌతిక కోర్లు, కొన్న కోర్ల లైసెన్సులు, వాటికి వచ్చే మెషీన్ల హక్కులు, ఇన్వాయిస్ ఉన్న ఫైలు సంఖ్య. దాని కింద గంగవరం ఆఫీసు యంత్రం పేరు కూడా రాసుకున్నాను. అక్కడ తొమ్మిది మందే ఉన్నారు, నడుస్తున్నది 2016 ఎసెన్షియల్స్, దాని సవరణల గడువు 2027 జనవరి 12తో ముగుస్తుంది. 2016 ఎసెన్షియల్స్ రెండు ప్రాసెసర్ల యంత్రాన్ని ఒప్పుకుంటుంది, 2022 ఎసెన్షియల్స్ ఒకే ప్రాసెసర్‌ను, అదీ పది కోర్ల వరకే ఒప్పుకుంటుంది. గంగవరం పెట్టెలో రెండు ప్రాసెసర్లున్నాయి. అక్కడికి కొత్త కొటేషన్ అడగడానికి ముందు, ఈసారి డీలరు నన్ను అడగక ముందే, కోర్ల సంఖ్య నేనే రాసి పంపాలనుకుంటున్నాను.